ఒక్క ప్రశ్న ఎక్కువ అడగండి: డెల్టా ఫిజియోథెరపీ క్లినిక్‌ల వారికి బహిరంగ లేఖ

గోదావరి డెల్టాలో ఫిజియోథెరపీ క్లినిక్‌లు నడిపేవారికి, అక్కడ మెషిన్ల దగ్గర పనిచేసే పిల్లలకి, ఊళ్లలో వైద్యం చేసే ఆర్‌ఎంపీలకి, స్కానింగ్ సెంటర్ల వారికి నమస్కారం.

మీ దగ్గర మంచం ఎక్కే ముందు మీరు అడిగే మాటలు నాకు కంఠతా వచ్చేశాయండి. షుగరుందా? బీపీ ఉందా? మెళ్లో గొలుసు తీసెయ్యండి, వాచీ తీసెయ్యండి, సెల్లు ఆ బల్ల మీద పెట్టండి. ఇన్ని అడుగుతున్నారు కదా, ఒంటి లోపల మెషిన్ ఏదైనా ఉందేమోనని ఇంకొక్కటి కూడా అడగమని బతిమాలుకోవడానికే ఈ ఉత్తరం. అది అడగకపోవడం వల్ల 2025 మార్చిలో నాకేం జరగబోయిందో చెబితే, ఎందుకు అడగమంటున్నానో మీకే తెలుస్తుంది.

అంబాజీపేట దగ్గర మాది కొబ్బరి వ్యాపారం. పచ్చికాయ కొంటాం, వలిపిస్తాం, కొంత అటకెక్కించి కురిడీ చేస్తాం. 2018లో ఒకరోజు అటక మీంచి బస్తా దింపుతూ నిచ్చెన మెట్టు తప్పాను. డిస్కు జారింది. మరుసటేడు ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు, ఎమ్మారై కూడా బాగుందన్నారు. బాగోలేనిది నేనొక్కణ్ణే. ఎడమ పిరుదు నుంచి చిటికెన వేలి దాకా కాల్చిన ఇనప తీగ లోపలికి దూర్చినట్టు మంట. కూర్చుంటే ఒక రకం, పడుకుంటే ఇంకో రకం. మాత్రలు వేసుకుంటే నిద్రొచ్చేది కానీ నొప్పి మాత్రం మేలుకునే ఉండేది. ఐదేళ్లు అలా గడిచాయి. ఆ ఐదేళ్లలో మీ క్లినిక్‌లు నాకు పుట్టిల్లంత అలవాటైపోయాయి. వేడి పెట్టారు, కరెంటు పెట్టారు, ట్రాక్షన్ వేశారు. మీ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఓ పూట తెరిపిగా ఉండేది. ఆ విశ్వాసం నాకుంది, అది ముందే చెప్పుకోవాలి.

చివరికి హైదరాబాదులో ఒక డాక్టరుగారు వెన్నుపాము దగ్గర తీగలు అమర్చి, సన్నగా కరెంటు పంపే మెషిన్ గురించి చెప్పారు. స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్ అంటారు. ఆయన బొమ్మ గీసి వివరిస్తుంటే నాకు మా లొల్ల దగ్గర కాలువ లాకులు గుర్తొచ్చాయి. కాళ్ల నుంచి వచ్చే కబుర్లన్నీ వెన్నుపాములో ఒక గేటు దాటాకే మెదడుకు చేరతాయట. నొప్పి కబురు సన్నటి నరాల్లో వస్తుంది, తాకిడి కబురు లావు నరాల్లో వస్తుంది. లావు నరాలు గట్టిగా పనిచేస్తే నొప్పికి గేటు మూసుకుంటుంది. మోచెయ్యి తలుపుకి కొట్టుకుంటే వెంటనే రుద్దుకుంటామే, అదీ ఈ లెక్కే. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో ఈ సంగతి రాస్తే, 1967లో అమెరికాలో నార్మన్ షీలీ అనే డాక్టరు మొదటిసారి మనిషికి ఇలాంటి మెషిన్ అమర్చాడు. లాకు తలుపు ఎంత దించితే కాలువలోకి ఎన్ని నీళ్లు పోతాయో చూస్తూ పెరిగినవాణ్ణి, నాకు అర్థం కాకపోవడం ఏముంది? పైనుంచి వరద ఆగదు. తలుపు దించుతారు, అంతే.

ముందు వారం రోజులు ట్రయల్. వీపులోంచి రెండు తీగలు బయటికి తీసి, ప్లాస్టర్లు అంటించి, చిన్న డబ్బా నడుముకి కట్టి పంపారు. నొప్పి కనీసం సగం తగ్గితేనే లోపల పెడతారు, తగ్గకపోతే తీగలు లాగేసి ఇంటికి పంపేస్తారు. మూడో రోజు లాడ్జి గదిలో నేను నిలబడి పళ్లు తోముకుంటున్నానని మా ఆవిడ గమనించింది. ఐదేళ్లుగా బకెట్టు బోర్లించుకుని కూర్చుని తోముకునేవాణ్ణి. ఆవిడ ఏమీ అనలేదు, ఫోన్ తీసుకుని బయటికెళ్లి మా అమ్మాయితో చాలాసేపు మాట్లాడింది.

2024 డిసెంబరు మొదటి వారంలో అసలు ఆపరేషన్ అయింది. వీపు మధ్యలో, వెన్నుపాము పొర బయట రెండు సన్నటి తీగలు. ఒక్కోదాని చివర ఎనిమిదేసి చిన్న లోహపు చుట్లు. ఆ తీగలు చర్మం కిందుగా వచ్చి, కుడి పిరుదు పైభాగంలో బిస్కెట్టంత బ్యాటరీ పెట్టెకి కలుస్తాయి. బయటి నుంచి చూస్తే ఏమీ కనిపించదు. చెయ్యి పెట్టి తడిమితే ఒక గట్టి అంచు తగులుతుంది.

కోలుకోవడం మాత్రం ఆపరేషన్ అంత తేలిక కాదండి. వంగకూడదు, మెలి తిరగకూడదు, బరువెత్తకూడదు, చేతులు తలపైకి లేపకూడదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు. తీగలు లోపల కుట్లతో పట్టుకుని ఉంటాయి కానీ, చుట్టూ కండ మాని గట్టిపడే దాకా వాటికి నమ్మకమైన పట్టు ఉండదు. కాస్త జరిగినా మెషిన్ కరెంటుకి పాదంలో రావాల్సిన జిమజిమ పక్కటెముకల్లోకో పొట్టలోకో పోతుంది. అప్పుడు మళ్లీ ఆపరేషనే. పుండులోకి చీము చేరిందా, చాలాసార్లు మొత్తం సరంజామా తీసెయ్యాల్సి వస్తుంది.

వినడానికి నాలుగు మాటలే. పొద్దున్న లేస్తే తెలుస్తుంది. బనీను వేసుకోవాలంటే చేతులు పైకెత్తాలి. కనుక బనీను బంద్, ముందు గుండీలున్న చొక్కాలే. చెంబుతో తలమీంచి నీళ్లు పోసుకోకూడదు. కింద కూర్చుని అన్నం తినకూడదు. తువ్వాలు కింద పడితే కాలి వేళ్లతో పట్టుకుని మంచం మీదికి లేపడం నేర్చుకున్నాను, మా మనవడు అది చూసి చప్పట్లు కొట్టేవాడు. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే మెడ తిప్పకుండా మనిషి మొత్తం తిరగాలి, రథం తిప్పినట్టు. పలకరించడానికి వచ్చినవాళ్లు పూతరేకులు తెచ్చారు, బొబ్బట్లు తెచ్చారు, మంచిదే. కానీ ప్రతివాళ్లూ తలగడ వైపు నుంచుని మాట్లాడేవాళ్లు. "కాళ్ల వైపు రండి బాబూ, నేను తిరగలేను" అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. ఒకాయన అయితే "కరెంటుతో నడుస్తున్నావన్నమాట, మీటరు ఎక్కడ?" అన్నాడు. మా వైపు వెటకారానికి ఆస్పత్రి, శ్మశానం అని తేడా ఉండదు కదా.

మెషిన్‌తో సర్దుకోవడం ఇంకో చదువు. నిలబడి ఉన్నప్పుడు హాయిగా ఉన్న జిమజిమ వెల్లకిలా పడుకోగానే జివ్వుమంటుంది, ఎందుకంటే అప్పుడు వెన్నుపాము తీగలకి దగ్గరగా జరుగుతుంది. మొదటి రాత్రి దగ్గు వచ్చి, కాల్లోకి షాక్ కొట్టినట్టయి మంచం మీద ఎగిరిపడ్డాను. తర్వాత రిమోటుతో తగ్గించుకోవడం అలవాటైంది. కనుమ నాటికి ఆరు వారాలు. చిన్నప్పటి నుంచి జగ్గన్నతోట తీర్థంలో, దేవుణ్ణి పెట్టి భుజాల మీద మోసుకెళ్లే ఆ ఎత్తైన ప్రభ కింద నేను భుజం పెట్టని ఏడాది లేదు. ఈసారి గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. కౌశిక నీళ్లలోకి ప్రభ దిగినప్పుడు కుర్రాళ్లు అరిచిన అరుపుకి రెండు చేతులూ వాటంతటవే పైకి లేవబోయాయి. మా ఆవిడ చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

అన్ని వారాలు చేతులు పైకెత్తకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. కుడి భుజం బిగుసుకుపోయింది. హైదరాబాదు డాక్టరుగారు ఫోన్లో "ఇక చేతులు లేపొచ్చు, దగ్గర్లో ఫిజియోథెరపీ చేయించుకోండి" అన్నారు. అలా మార్చిలో ఒక క్లినిక్‌కి వెళ్లాను. ఏ ఊరో, ఎవరిదో చెప్పను. అది ఎక్కడైనా జరిగేదే, అందుకే మీ అందరికీ రాస్తున్నాను.

పర్దా పక్కకి జరిపి ఒక కుర్రాడు రమ్మన్నాడు. మర్యాదైన పిల్లాడు. గొలుసు, వాచీ, ఉంగరం, సెల్లు అన్నీ తీయించాడు. భుజం మీద మడత పెట్టిన తువ్వాలు వేశాడు. చక్రాల మీదుండే ఆ పెద్ద మెషిన్ లాక్కొచ్చాడు. రెండు రబ్బరు ప్యాడ్లు ఉంటాయే, షార్ట్ వేవ్ డయాథెర్మీ, మనవాళ్లు వేడి పెట్టడం అంటారే, అదే. ఒక ప్యాడ్ భుజం ముందు, ఒకటి వెనక సర్దాడు. నేను నా బాధ్యతగా చెప్పాను: "బాబూ, నాకు నడుంలో కరెంటు పెట్టారు."

"ఎన్ని సిట్టింగులు అయ్యాయి బాబాయ్ గారూ?" అన్నాడు.

అతని తప్పేముంది చెప్పండి. మన దగ్గర కరెంటు పెట్టించుకోవడం అంటే అదే అర్థం. ఐదేళ్లు నేనే ఆ అర్థంతో ఆ మాట వాడాను. "సిట్టింగులు కాదు, ఆపరేషన్ చేసి స్టిమ్యులేటర్ పెట్టారు" అన్నాను. "ఆయ్, మా దగ్గర కూడా స్టిమ్యులేటర్ ఉందండి, రేపట్నుంచి పెడతాను" అని మూలనున్న డబ్బా చూపించాడు. కండలకి పెట్టే చిన్న మెషిన్. దాని మీద అక్షరాలా అదే పేరుంది! నేను చదివింది ఇంటరు, అదీ తప్పాను. ఇంక ఎలా చెప్పాలో తోచలేదు. సరేలే, డాక్టరు చదువు చదివినవాళ్లకి తెలీదా అనుకున్నాను. అతని చెయ్యి స్విచ్ మీదికి పోతుంటే జేబులో ఏదో గుచ్చుకుని తీసి అడిగాను: "బాబూ, ఈ రిమోటు కూడా బల్ల మీద పెట్టెయ్యనా?"

"ఏం రిమోటండీ, ఏసీదా?"

"నాదే."

అతను ఆ రిమోటు వంక చూశాడు, నా వంక చూశాడు, పక్క గదిలో ఉన్న మేడం గారిని కేకేశాడు. ఆవిడ వచ్చి రెండు ముక్కలు విని, ముందు గోడకున్న ప్లగ్గు పీకేసింది. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్గే. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఎందుకంత కంగారో అప్పుడు నాకు తెలీదు. ఇప్పుడు తెలుసు. ఆ మెషిన్ 27.12 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలు పంపుతుంది. ఒంట్లో లోహపు తీగ ఉంటే అది ఏరియల్ లాగా ఆ శక్తిని లాక్కుని చివరికి చేరవేస్తుంది. నా తీగల చివర ఉన్నది వెన్నుపాము. నా ఒంట్లోని మెషిన్ ఆఫ్ చేసినా ప్రమాదం పోదు. పెట్టేది భుజానికా మోకాలికా అన్నదీ లెక్కలోకి రాదు. బ్యాటరీ తీసేసి తీగ ముక్క ఒక్కటే లోపల మిగిలున్నా అంతే. మెదడులో ఇలాంటి స్టిమ్యులేటర్ ఉన్న ఇద్దరు డయాథెర్మీ తర్వాత చనిపోయారని అమెరికాలో మందుల మీద, వైద్య పరికరాల మీద అజమాయిషీ చేసే ఎఫ్‌డీఏ 2002 డిసెంబరులో హెచ్చరిక ఇచ్చింది. అందులో ఒకరికి ఆ వేడి పెట్టింది పంటి ఆపరేషన్ తర్వాత. పంటి నొప్పికి వెళ్లిన మనిషి! మైక్రోవేవ్ డయాథెర్మీ, జెల్ రాసి తిప్పే అల్ట్రాసౌండ్ వైద్యం కూడా ఇదే పద్దులోకి వస్తాయి. పొట్టకి తీసే అల్ట్రాసౌండ్ స్కాన్ వేరు, దానికి భయపడక్కర్లేదని మా డాక్టరు చెప్పారు.

ఇందులో నా తప్పు కూడా ఉంది. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన గుర్తింపు కార్డు ఎక్కడికెళ్లినా జేబులో పెట్టుకోమన్నారు. అది మా బీరువాలో పొలం పాసుపుస్తకాల మధ్య భద్రంగా ఉంది. డయాథెర్మీ వద్దని డిశ్చార్జి కాగితాల్లో రాశారు, నిజమే. ఎనిమిదో పేజీలో, ఇంగ్లీషులో. ఇలాంటి మెషిన్లు అమర్చే పెద్ద ఆస్పత్రుల వాళ్ల కంట ఈ ఉత్తరం పడితే ఒక మాట: లక్షలు తీసుకున్నారు, ఒక్క పేజీ తెలుగులో ఇస్తే మీ సొమ్మేం పోదు.

ఇక మీతో నా మనవి. "స్టిమ్యులేటర్ ఉందా?" అని అడగొద్దు. అది మీ మూలనున్న డబ్బా పేరు. "ఇంప్లాంట్ ఉందా?" అంటే జనం పళ్లు చూపిస్తారు. "కరెంటు పెట్టారా?" అంటే సిట్టింగుల లెక్క చెబుతారు. అడగాల్సింది ఇలా: "ఆపరేషన్ చేసి మీ ఒంటి లోపల మెషిన్ గానీ, బ్యాటరీ గానీ, తీగ గానీ ఉంచేశారా?" ఉంచేశారా అన్న మాట ముఖ్యం. పెట్టి తీసింది వేరు, లోపలే ఉన్నది వేరు. నాలాంటివాళ్లు ఈ డెల్టాలో ఎంతమంది ఉన్నారో గానీ, గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఆ వేడి వాళ్లకీ పనికిరాదు. పేస్‌మేకర్ ఉందని వాళ్లు గుండె డాక్టరుకి చెబుతారు. మోకాలి నొప్పికి వచ్చినప్పుడు గుండె సంగతి ఎందుకు చెబుతారు?

ఆర్‌ఎంపీ గార్లకి వేరే మాట ఉంది. ఆగస్టులో నాకు జ్వరం వస్తే మా ఊరి డాక్టరుగారు వచ్చారు. అర్ధరాత్రి తలుపు కొట్టినా విసుక్కోని మనిషి. సిరంజి నింపి "కాస్త అటు తిరగండి" అన్నారు, అలవాటు కొద్దీ కుడి పిరుదు పైభాగానికే దూది రాశారు. సరిగ్గా నా బ్యాటరీ ఉన్న చోటు. ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను, చెయ్యి అడ్డం పెట్టి "అక్కడ మెషిన్ ఉంది సార్, ఎడమ వైపు" అన్నాను. ఆయన వేలితో అంచు తడిమి చూసి "ఇదేంటండీ బాబూ" అని అరనిమిషం అలాగే ఉండిపోయారు. మీరు రోజుకి ఎన్ని ఇంజెక్షన్లు చేస్తారో, ఎంత తొందర్లో ఉంటారో నాకు తెలుసు. అయినా దూది రాసేటప్పుడు వేలితో ఒకసారి నొక్కి చూడండి, ఆపరేషన్ మచ్చ ఉంటే ఆగి అడగండి. సూది ఆ సంచీలోకి దిగి క్రిములు చేరితే ఏమవుతుందో పైన చెప్పాను.

స్కానింగ్ సెంటర్లలో ఫారం నింపిస్తున్నారు, బాగానే ఉంది. కాకపోతే అది రోగితో కాకుండా వెంట వచ్చిన మేనల్లుడితో నింపిస్తున్నారు. ఈ మెషిన్లలో కొన్నిటికి షరతుల మీద ఎమ్మారై తీయొచ్చు, కొన్నిటికి తీయకూడదు. కార్డు మీదున్న మోడల్ నంబరు చూసి కంపెనీ వాళ్లని అడిగితే గానీ తేలదు. కిడ్నీలో రాళ్లు మెషిన్‌తో పగలగొట్టేవాళ్లు, కరెంటు కత్తితో ఆపరేషన్ చేసేవాళ్లు కూడా ముందే కనుక్కోవాలి. ఇక బెణుకులు తీసేవాళ్లు, నడుం విరిచేవాళ్లు ఈ ఉత్తరం చదువుతారనుకోను. చదివినవాళ్లు చెప్పండి, నాలాంటివాడి నడుం జోలికి పోవద్దని.

నేనిప్పుడు బాగానే ఉన్నాను. మంట పూర్తిగా పోలేదు, పోతుందని ఎవరూ అనలేదు. పదిలో ఎనిమిది ఉండేది, మూడు దగ్గర తచ్చాడుతోంది. నడుముకి బెల్టు కట్టుకుని, చర్మం మీంచే బ్యాటరీ ఛార్జింగ్ పెట్టుకుంటాను, టీవీ చూస్తూ ఓ గంట. 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటే ముందు ఊరంతా బియ్యం, కొవ్వొత్తులు చూసుకుంటుంటే, మా ఆవిడ నన్ను ప్లగ్గు పక్కన కూర్చోబెట్టి "ముందు ఈయన్ని ఫుల్ చెయ్యాలి" అంది. కరెంటు పోయింది కానీ నాలో ఉంది.

కార్డు ఇప్పుడు జేబులోనే ఉంటోంది. దాంతోపాటు నేనే తెలుగులో పెద్దక్షరాలతో ఒక కాగితం రాయించి, జిరాక్సు షాపులో లామినేషన్ చేయించాను: "నా ఒంట్లో మెషిన్, తీగలు ఉన్నాయి. వేడి మెషిన్ పెట్టకూడదు. కుడి వైపు ఇంజెక్షన్ చేయకూడదు." మీ గోడకి తగిలించే బోర్డు కావాలంటే మీరడగాల్సిన ప్రశ్న కూడా అలాగే రాయించి పంపుతాను, ఖర్చు నాదే. ఇప్పటికి నాలుగు క్లినిక్‌ల వాళ్లు తీసుకున్నారు. మొదట తీసుకున్నది ఆ మేడం గారే. భుజానికి ఆవిడ దగ్గరికే వెళ్తున్నాను. వేడి లేకుండా, గోడ మీద వేళ్లతో నడిపించి, కప్పీ తాడు లాగించి బాగు చేస్తోంది.

పోయిన వారం వెళ్లినప్పుడు పర్దా అవతల ఒక మామ్మగారిని మంచం ఎక్కిస్తున్నారు. ఆ కుర్రాడి గొంతు వినబడింది. గొలుసు తీయించాడు, గాజులు తీయించాడు, ఆ తర్వాత బోర్డు మీదున్నది ఉన్నట్టు చదివాడు: "మామ్మగారూ, ఆపరేషన్ చేసి మీ ఒంటి లోపల మెషిన్ గానీ, బ్యాటరీ గానీ, తీగ గానీ ఉంచేశారా?"

మామ్మగారు కాసేపు ఆలోచించి, "పళ్ల సెట్టు ఉంది నాయనా, తియ్యనా?" అంది.

ఇట్లు,
అంబాజీపేట మండలం నుంచి ఒక కొబ్బరి వ్యాపారి